కమానుకు నేను వేసిన రెండు పట్టీలు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి గొప్పగా చెప్పుకుని తిరిగినవాణ్ణే. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఎవరి మీదా కోపంతో కాదు. సికింద్రాబాదులో నాకు మిగిలిన ఒకే ఒక్క స్నేహితుడు ఎనిమిది నెలల పాటు తన కళ్లను, తన చేతులను, తన వయసును తిట్టుకుంటూ బతికాడు. అతని భార్య అతను నడిపే బండిలో కూర్చోవడం మానేసింది. వాళ్లిద్దరికీ తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. తెలిసీ ఎనిమిది నెలలు వాళ్లింట్లో చాయ్ తాగి వచ్చాను.

నేను కమాన్ల మేస్త్రీని. లారీ చట్రానికీ ఇరుసుకీ మధ్య విల్లులా వంగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. దాన్నే కమాను అంటాం. బరువు పడితే వంగుతుంది, తీస్తే లేస్తుంది. నాలుగో తరగతిలో మా నాయన నన్ను బడి మాన్పించి కొలిమి ముందర కూర్చోబెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు నాకు టైర్ల మీద దొరికాయి. తెలుగు మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద దొరికింది. తర్వాత ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్టలు ఊడిన పుస్తకాలు కొనుక్కుని, నా అంతట నేనే ఇంతవాణ్ణయ్యాను. ఆ పొగరు నాకుంది. ఉండాలి కూడా అనుకునేవాణ్ణి.

మా షెడ్డు ముందు లారీ డ్రైవర్లు నా మీద చాయ్ పందేలు కాసేవాళ్లు. నిండు లారీ వెనక గొంతుక్కూర్చుని, కమాను వంపు చూసి, ఇన్ని టన్నులు అని చెప్పేవాణ్ణి. లారీ పోయి తూకం వేయించుకుని వచ్చేది. క్వింటాలు అటూ ఇటూగా నా మాటే నిలిచేది. "మనిషి అబద్ధమాడుతడు, కాగితం అబద్ధమాడుతది, కమాను ఆడదు" అనేవాణ్ణి. ఒకసారి ఒక ఇంజినీరు, పాలిష్ బూట్లవాడు, నేను చెప్పిన లెక్క విని నలుగురిలో "అనపఢ్‌గాడు, చదువు రానోడు చెప్తే నేను సంతకం పెట్టాల్నా?" అని నవ్వాడు. ముప్పై అయిదేళ్లయింది. ఆ ముఖం ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను. ఈ కథలో ఆయన లేడు. కానీ ఆయన మీది కోపాన్ని నేను ఎవరి మీద తీర్చుకున్నానో చెప్పాలంటే ఆయన్ని తలుచుకోక తప్పదు.

నా స్నేహితుడు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి పద్మారావు నగర్లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఆఫీసు జీపు తనే నడుపుకునేవాడు. ముప్పై ఏళ్ల కింద ఆ జీపు కమాను విరిగితే నా దగ్గరికి వచ్చాడు. నా మంచం కింద ఉన్న పుస్తకాలు చూసి, ఆ రోజు ఆఫీసుకు పోకుండా సాయంత్రం దాకా కూర్చున్నాడు. నేను అతన్ని సారూ అంటాను. అతను నన్ను ఉస్తాద్ అంటాడు, నువ్వు అంటాడు. అతని భార్య ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా పనిచేసింది. నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది.

పోయిన ఏడు ఒక ఉదయం ఇద్దరూ యాప్రాల్‌లో నా షెడ్డుకు వచ్చారు.

"అన్నయ్యగారూ, మీ స్నేహితుడికి పిచ్చి పట్టింది. ఇంటిని లారీకి కట్టుకుని ఊళ్లు తిరుగుతారట."

"పిచ్చి నాదా? లాడ్జీ బాత్రూములు చూసి సగం దారిలోంచి వెనక్కి తిప్పింది ఎవరు?" అన్నాడు సారు.

"నా మోకాళ్లు వంగవు, ఏం చెయ్యను? ప్రార్థనకైతే ఎలాగో వంచుతాను. ఆ లాడ్జీల్లో కూర్చోడానికి వంచమని ఏ వాక్యంలోనూ లేదు."

నవ్వుకున్నాం. కానీ అసలు సంగతి అదే. ముప్పై మూడేళ్లు బడికీ ఇంటికీ తిరిగిన మనిషికి దేశం చూడాలని ఉంది. తన మంచం, తన పొయ్యి, కుర్చీలా కూర్చునే తన బాత్రూము వెంట ఉంటేనే చూడగలదు. సారు ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. చక్రాల మీద ఇల్లు. దాని ముందు భాగం పైకి లేచి పికప్ బండి వెనక డాలా మీద పడుకున్నట్టుంది.

"ఫిఫ్త్ వీల్ రకం, ఉస్తాద్. తోకలా ఊగదట. ఆ ముందు భాగంలో మంచం."

"ఐదో చక్రమంటే స్టెప్నీయే కదండీ? స్టెప్నీ మీద ఇల్లు కడతారా?" అంది ఆమె.

"స్టెప్నీ గాదు చెల్లెమ్మా. పెద్ద ట్రైలర్ లారీలు చూసినవ్ గద. ముందల ఇంజన్ బండి, మేం గుర్రం అంటం, ఎనక పెట్టె. గుర్రం వీపు మీద ఇనుప పళ్లెం ఉంటది. పెట్టె ముక్కుకున్న పిన్ను ఆ పళ్లెంల కూసుంటది. ఆ పళ్లెం పేరే ఫిఫ్త్ వీల్."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఆ గుర్రం లాగడమే కాదు, కొంత మోయాలి కూడానన్నమాట."

నేను ఆరు నెలల తర్వాత నేర్చుకున్న పాఠం ఆమె ఒక్క నిమిషంలో చెప్పేసింది. నేను తల ఊపి ఊరుకున్నాను.

ఇల్లు కట్టే పని లారీ బాడీలు కట్టే మేస్త్రీకి అప్పగించాం. ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగడం సారు వంతు. బండి ఏది కొనాలో తేల్చడం నా వంతు. "నువ్వు ఏ బండి మీద చెయ్యి పెడితే అదే, ఉస్తాద్" అన్నాడు. ఆ మాట నాకు ఎంత తియ్యగా ఉందో దాచను.

ఒకే రోజు ముగ్గురం రెండు బండ్లు చూశాం. మొదటిది ఒంటి క్యాబిన్‌ది. పొడుగు డాలా, మందపాటి కమాను, చెక్కబల్ల లాంటి సీటు. ఎక్కి కూర్చున్న సారు ముఖం ముడుచుకున్నాడు. "ఇది టమాటాలు మోసే బండి కదా ఉస్తాద్. దీన్లో కన్యాకుమారి వెళ్లేసరికి మా ఇద్దరికీ నడుములు ఉండవు."

రెండోది రెండు క్యాబిన్లది. పెద్ద ఇంజను, కారు లాంటి మెత్తటి సీట్లు, వెనక ఇంకో ముగ్గురికి చోటు. డాలా మాత్రం పొట్టి. కమాను సన్నం. సారు స్టీరింగ్ పట్టుకోగానే పదేళ్లు తగ్గినట్టు కనిపించాడు. "వెనక సీటు నీది ఉస్తాద్. మొదటి ప్రయాణం సముద్రం దాకా. నువ్వు సముద్రం చూడలేదన్నావుగా" అన్నాడు.

ఆమె మాత్రం బండిని చూడలేదు. బండి పుస్తకం తీసుకుని చదివింది. చేతిసంచిలోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏవో అంకెలు రాసుకుంది.

"అన్నయ్యగారూ, దీని డాలాలో మోత చాలా తక్కువ రాశారు. ఆ మొదటి దానిలో సగం కూడా లేదు."

"పుస్తకంల గట్లనే రాస్తరు చెల్లెమ్మా. ఇంజన్ జూడు ఎంత ఉన్నదో. ఏనుగును గుంజుతది."

"గుంజడం సరే. మోయడం?"

"కమాను నాకిడిశిపెట్టు. ఇటు రెండు పట్టీలు, అటు రెండు పట్టీలు ఎక్కువేస్తా. నిటారుగ నిలవడ్తది."

ఆమె నోటుబుక్కు మూసింది. ఆ బండే కొన్నారు.

నేను చెప్పినట్టే రెండు వైపులా రెండేసి పట్టీలు కలిపాను. నా చేతులతో కాల్చి, వంచి, నూనెలో చల్లార్చి వేశాను. డాలా పొట్టిది కనుక, మలుపు తిరిగేటప్పుడు ఇంటి ముక్కు క్యాబిన్‌కు తగలకుండా, పళ్లేన్ని ఇరుసు కంటే జానెడు వెనక్కి బిగించాను. అది తప్పని నాకు తెలియదా? తెలుసు. జానెడే కదా అనుకున్నాను.

ఇల్లు తయారైంది. బాడీ మేస్త్రీ "పదిహేను వందల కిలోలు ఉంటది, అందాజుగ" అన్నాడు. పొయ్యి దగ్గర గ్రానైట్ బండ, మందపాటి ప్లైవుడ్, రెండు బ్యాటరీలు, ముందు మంచం కింద నీళ్ల ట్యాంకు. బండికి తగిలించి నిలబెట్టాం. నేను పాత అలవాటుగా వెనక గొంతుక్కూర్చున్నాను. కమాను కొంచెమే వంగింది.

"మస్తుగుంది. అసలు లోడే లేనట్టుంది" అన్నాను.

అప్పుడు ఆమె మళ్లీ నోటుబుక్కు తీసింది. బాడీ షెడ్డుకు కూతవేటు దూరంలో తూకం ఉంది, లారీని లారీగానే ఎక్కించి తూచేది. మా హైదరాబాదు లారీవాళ్లు దాన్ని ధరమ్ కాంటా అంటారు, ధర్మం తప్పని తూకమని.

"అన్నయ్యగారూ, అంత దగ్గరలో కాంటా ఉంది కదా. ఒక్కసారి ఎక్కించి చూద్దామా? నా లెక్కలో ఎక్కడో తేడా వస్తోంది."

షెడ్డులో నలుగురైదుగురు మేస్త్రీలున్నారు. అందరూ నావైపు చూశారు. వాళ్ల ముందు ఒక చదువుకున్న మనిషి నోటుబుక్కు పట్టుకుని నా కన్నును నమ్మనంటోంది. అలాగే అనిపించింది నాకు. పాలిష్ బూట్లు కళ్ల ముందు మెరిశాయి.

"చెల్లెమ్మా, ధరమ్ కాంటా ఎవరికంటె, దొంగ లోడు ఏసెటోనికి. నా కన్నే నలభై ఏండ్ల కాంటా. నీ లెక్కలు బోర్డు మీద మస్తుగుంటయ్. బోర్డు రోడ్డెక్కదు."

మేస్త్రీలు నవ్వారు. సారు కూడా, నా మీది గౌరవంతో, కొంచెం నవ్వాడు. ఆమె "సరే అన్నయ్యగారూ" అని నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. సంచి జిప్పు ఒక పట్టాన పడలేదు. రెండు మూడుసార్లు లాగింది.

సముద్రానికి ముందు చిన్న ప్రయాణం చేసి చూద్దామనుకున్నారు. మెదక్ చర్చి దాకా పోయి, అక్కడ ఒక రాత్రి ఉండి రావాలని. నాకు ఆ వారం పంటి నొప్పి, రానన్నాను. బయలుదేరేముందు సారు ట్యాంకులో నీళ్లు ఎన్ని పొయ్యాలని అడిగాడు. "నిండ పోయ్ సారూ. బరువుంటెనే బండి భూమిని వట్టుకుంటది" అన్నాను. లారీవాళ్లు చెప్పుకునే మాట. ఎవరు ఎప్పుడు ఎందుకన్నారో తెలియదు, నేనూ అన్నాను.

యాప్రాల్ చివర దాకా వాళ్లతో కూర్చుని పోయి దిగాను. సారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఉస్తాద్, స్టీరింగ్ వెన్నలా తిరుగుతోంది!" అన్నాడు. నేను మెచ్చుకోలు అందుకున్నట్టు చెయ్యెత్తాను. ముందు చక్రాల మీద బరువు లేచిపోతే స్టీరింగ్ అలాగే తిరుగుతుంది. కొలిమి దగ్గర కూర్చున్న మొదటి ఏడు నేర్చుకునే సంగతది.

తొమ్మిదిన్నరకు ఫోను వచ్చింది. నర్సాపూర్ అడవి దాటాక, పల్లపు రోడ్డు మీద, ఒక మలుపులో.

తెలిసినవాడి క్రేను తీసుకుని పోయాను. బండి రోడ్డుకు అడ్డం తిరిగి ఒక చెట్టుకు ఆనుకుని ఉంది. చక్రాల మీది ఇల్లు కాలువలోకి ఒరిగింది. సారు కిలోమీటరు రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. ఆమె చెట్టు కింద దుప్పటి మీద కూర్చుని, తువ్వాలుతో చుట్టిన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. అంబులెన్సు ఇంకా రాలేదు.

కానిస్టేబుల్ ఒకాయన కాగితం మీద రాసుకుంటున్నాడు. "ఎవలు నడిపిండ్రు?"

"నేనే" అన్నాడు సారు.

"ఏజెంత సార్?"

"డెబ్భై ఒకటి."

"డెబ్భై ఒకటిల గింత పెద్ద బండి ఏందీ సార్? ఇంట్ల కూసోని పేపర్ చదువుకోరాదు?"

నేను బండి వెనక్కి పోయాను. ఎడమ వైపు వెనక టైరు పేలి పేలికలైంది. లోపలికి చెయ్యి పెట్టాను. చేతి నిండా నల్లటి పొడి వచ్చింది. మోయలేని బరువు మోసి, లోపల్లోపల కాలి, అరిగి, చివరికి పేలిన టైరులోనే ఆ పొడి ఉంటుంది. బ్రేకు వేస్తే పేలిన టైరులో ఉండదు. కుడి వైపుది పేలలేదు కానీ దాని పక్కగోడ చుట్టూ ఉంగరంలా ముడత పడి ఉంది. ఇంకో పది మైళ్లయితే అదీ పోయేది. చూసిన మరుక్షణమే అంతా అర్థమైంది. ఇందులో నాకు అర్థం కానిదంటూ ఏమీ లేదు.

సారు లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఉస్తాద్, నాకు గుర్తు రావట్లేదు. టైరు ముందు పేలిందా? నేను బ్రేకు కొట్టాక పేలిందా? గేదె ఒకటి వచ్చినట్టుంది. వచ్చిందో లేదో కూడా తెలియట్లేదు. నువ్వు చూసి చెప్పు. ముందా, తర్వాతా?"

ఆమె చెట్టు కింద నుంచి తలెత్తి చూసింది. నా మాట కోసమే చూసింది.

నేను పిడికిలి మూసి, ఆ పొడిని పంచెకు తుడుచుకున్నాను.

"బ్రేకు జెర గట్టిగ పడ్డట్టుంది సారూ."

అంతే అన్నాను. 'జెర' అన్నాను, కొంచెం అని. నా పిరికితనమంతా ఆ చిన్న మాట వెనక నక్కి కూర్చుంది. ఆమె తన భర్త వైపు చూసింది. కోపంగా కాదు. పాత గోడలో కొత్త పగులు కనిపిస్తే చూస్తామే, అలా.

ఆమె చెయ్యి రెండు చోట్ల విరిగింది. అతికింది కానీ భుజం పైకి లేవదు. బోర్డు అందదు.

బండినీ ఇంటినీ నా షెడ్డుకు తెచ్చి బాగుచేశాను. పైసా తీసుకోలేదు. దాంతో నాకేదో శాంతి వస్తుందనుకున్నాను, రాలేదు. పని అయిపోయాక, ఎవరూ అడగకపోయినా, ట్యాంకు నిండా నీళ్లు పోసి, లోపల సామాన్లు ఆ రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే సర్ది, మెల్లగా నడుపుకుంటూ ఒక్కణ్ణే ధరమ్ కాంటాకు పోయాను.

కాంటా మీది మనిషి గూట్లోంచి తొంగిచూశాడు. "ఏం తాతా, ఇంట్ల ఇసుక నింపినవా ఏంది?"

పదిహేను వందలన్న ఇల్లు రెండు వేల మూడు వందలు దాటింది. బండి వెనక ఇరుసు మీద, మోయాల్సిన దానికంటే ఐదు వందల కిలోలు ఎక్కువ. కిందికి దిగి, బండి వెనక గొంతుక్కూర్చుని కమానును చూశాను. కొంచెమే వంగి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. పట్టీలు కమానును గట్టి చేశాయి, టైర్లను కాదు. నలభై ఏళ్లు నేను ఊరంతా చెప్పిన మాట నిజమే. కమాను అబద్ధమాడదు. దానికి నాలుగు పట్టీలు వేసి అబద్ధం నేర్పించింది నేను. నేర్పించి, అదే కమానును చూసి బరువు చెప్పాను.

అప్పుడైనా పద్మారావు నగర్ పోయి చెప్పాల్సింది. పోయాను. చెప్పలేదు. ఆ వారం పోయాను, పై వారం పోయాను. పోయినప్పుడల్లా నా తప్పు ఇంకో అంగుళం పెరిగి కనిపించేది.

సారు కళ్ల డాక్టరు దగ్గరికి రెండుసార్లు పోయాడు. కళ్లు బాగానే ఉన్నాయని డాక్టరంటే అతనికి నచ్చలేదు. "వాళ్లకు తెలియట్లేదు ఉస్తాద్. అక్షరాలు కనిపించడం వేరు, అదను కనిపించడం వేరు" అన్నాడు. వీధిలో నడుస్తూ దుకాణాల బోర్డులు పైకి చదివేవాడు. ఎదురొచ్చే ఆటోను చూసి ఎన్ని అడుగుల్లో ఉందో చెప్పి, తర్వాత తనే అడుగులు వేసి కొలుచుకునేవాడు. పక్కన నడుస్తూ "కరెక్టే సారూ" అనేవాణ్ణి.

ఇంట్లో కారుంది. ఒక ఆదివారం నేనుండగానే చర్చికి పోవడానికి అతను కారు తాళం తీశాడు.

"అది అక్కడ పెట్టండి. ఆటో వస్తోంది" అంది ఆమె.

"నాలుగు వీధులేనే."

"నాలుగు వీధులైనా సరే. నాకు మిగిలింది ఒక్క చెయ్యి."

అతను తాళం మేకుకు తగిలించాడు. అది తగిలించేటప్పుడు మేకు ఒకసారి తప్పింది. "చూశావా ఉస్తాద్" అన్నాడు నాతో, నవ్వుతూ. నేను ఆ రోజు బయటికొచ్చి, రోడ్డు మీద గుంత తవ్వి పూడ్చకుండా పోయినందుకు మునిసిపాలిటీవాళ్లను అరగంట తిట్టాను. జనం గుమిగూడారు. పెద్దాయనకు న్యాయమంటే ఎంత పట్టింపో అన్నారు ఎవరో.

ఎనిమిది నెలల తర్వాత సారు బండినీ ఇంటినీ అమ్మెయ్యమన్నాడు. సైనిక్‌పురి నుంచి ఒక రిటైర్డు సుబేదార్ వచ్చాడు. ఆయనా భార్యా తీర్థయాత్రలు చేయాలని అనుకుంటున్నారు. నా షెడ్డులో ఇంటిని చూసి ముచ్చటపడి, బండి చూడ్డానికి నాతో పద్మారావు నగర్ వచ్చాడు. గేటు ముందు బండి చుట్టూ తిరిగాడు. టైర్లను బూటుతో తన్నాడు. అందరూ అదే చేస్తారు, ఎందుకో.

"ఆక్సిడెంట్ అయిందట గద సాబ్? ఏం పరేషాన్ లేదు, ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. మా ఇంటామెను ఎక్కించుకోని పోవాలె."

"బండిలో దోషం ఏమీ లేదండీ" అన్నాడు సారు. "ఈయన ఎంచిన బండి, ఈయన చేత్తో కట్టిన కమాను. ఈయన చేతిలో దోషం ఉండదు. దోషం నడిపినవాడిది. నాకు వయసైపోయింది, తెలుసుకోలేకపోయాను. మీరు గట్టిగా ఉన్నారు, మీకేం ఫర్వాలేదు."

సుబేదార్ నావైపు తిరిగాడు. "మరి ఉస్తాద్, నువ్వు చెప్పు. కొనాల్నా?"

ధైర్యం వచ్చి చెప్పానని అనుకోకండి. ఎదుట ఇంకో భార్య కుడి చెయ్యి కనిపించింది నాకు.

"కొనకు" అన్నాను. "ఈ బండి ఆ ఇల్లును మొయ్యదు. గుంజుతది గని మొయ్యదు. నేనే తప్పు ఎంచిన. సారు బ్రేకు కొట్టుడుతోని గాదు టైరు పేలింది. బరువుకు పేలింది. గేదె ఉన్నా లేకున్నా పేలుతుండె. సారు నడిపిండు గాబట్టి చెట్టు కాడ ఆగింది, ఇంకొకడైతె కాల్వల పడుతుండె."

సుబేదార్ నా ముఖం, సారు ముఖం చూసి, "నేను మళ్లొస్త" అని స్కూటర్ తీసుకుని పోయాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు సారు.

"ఆ దినమే. టైర్ల చెయ్యి వెట్టంగనే."

"నేను అడిగాను. ముందా, తర్వాతా అని."

"అడిగినవ్."

"చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాను. నా నిర్లక్ష్యం వల్ల నా భార్య చెయ్యి పోయింది, దేవుడు నన్ను క్షమించాలి అని. ఆ రోజు నువ్వు మా ఇంట్లో భోజనం చేశావు."

నేను తల దించుకున్నాను. అతను బండి డాలా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కొట్టినా బాగుండేదనిపించింది. కొట్టలేదు. ఎవరో కొత్తమనిషితో మాట్లాడుతున్నట్టు, మెల్లగా అన్నాడు.

"మీరు లోపలికి వెళ్లి ఆవిడకు చెప్పండి."

ముప్పై ఏళ్ల నువ్వు ఆ గేటు దగ్గర మీరు అయింది.

ఆమె లోపల బల్ల దగ్గర కూర్చుని పక్కింటి పిల్లల లెక్కల నోటుబుక్కులు ఎడమ చేత్తో దిద్దుతోంది. టిక్కులన్నీ తిరగబడి పడుతున్నాయి. "రండి అన్నయ్యగారూ, కూర్చోండి" అంది. కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. రెండు పట్టీలు, జానెడు పళ్లెం, నీళ్లు, టైరు, కాంటా. ఆమె పెన్ను పక్కన పెట్టి విన్నది.

"ఎంత ఎక్కువ?"

"అయిదు నూర్ల కిలోలు. ఎనక ఇరుసు మీద."

"నాకు నాలుగు వందల ఎనభై వచ్చింది" అంది. "గ్రానైటు బరువు సరిగా తెలియక."

"తప్పు నా లెక్కలోనే ఉందేమో అనుకున్నాను అన్నయ్యగారూ. మీరు అంత గట్టిగా చెప్పారు కదా. నలభై ఏళ్ల అనుభవం. ఇంటికొచ్చి ఆ కాగితం చింపేశాను." ముందున్న నోటుబుక్కు పక్కకు జరిపింది. "ఒకటి అడుగుతాను. ఆ మొదటి బండి మోసేది. మీకు తెలుసు. ఎందుకు వద్దన్నారు?"

ఇది నేను ఎవరికీ చెప్పకూడదనుకున్నది. నాకు నేను కూడా చెప్పుకోనిది.

"దాంట్ల మూడో మనిషికి సీటు లేదు చెల్లెమ్మా."

ఆమె నన్ను చూసింది. కళ్లలో నీళ్లు రాలేదు, గొంతు పెరగలేదు.

"మీ మీద కోపం నాకు తర్వాత వస్తుంది. అది నిదానంగా చూసుకుంటాను. ఎనిమిది నెలలుగా నేను ఆయన్ని ఏమేం అన్నానో మీకు తెలుసు. సగం మీ ఎదురుగానే అన్నాను. అవన్నీ ఎలా వెనక్కి తీసుకోవాలో చెప్పండి. ఉస్తాద్ కదా మీరు. చెప్పండి."

ఆమె నా సమాధానం కోసం నిజంగానే చూసింది. తర్వాత లేచి, నన్ను దాటుకుని బయటికి పోయింది. గేటు దగ్గర "ఏమండీ" అన్న మాట వినిపించింది. ఆ తర్వాత ఇంకేమీ వినిపించలేదు. ఆ గదిలో, తిరగబడ్డ టిక్కుల నోటుబుక్కుల ముందు, ఎటు పోవాలో తెలియక నిలబడి ఉన్నాను. బయటికి పోవాలంటే వాళ్లిద్దరి మధ్య నుంచే పోవాలి. చివరికి అలాగే పోయాను. ఎవరూ ఆపలేదు, ఎవరూ పొమ్మనలేదు.

మళ్లీ పోలేదు. ఫోను చేశాను, ఎత్తలేదు. ఎత్తాలని అడిగే హక్కు నాకెక్కడిది?

మొన్న ఆదివారం పొద్దున ఆ చర్చికి పోయే రోడ్డు మూలన నిలబడ్డాను. అటుగా పని ఉండి కాదు, అబద్ధమెందుకు. వాళ్ల కారు వచ్చింది. సారు నడుపుతున్నాడు. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, నడుస్తున్న మనిషి కూడా దాటిపోయేంత మెల్లగా నడుపుతున్నాడు. పక్క సీటులో ఆమె ఉంది. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో కిటికీ పైన పట్టు పట్టుకుని, రోడ్డు వైపే చూస్తోంది. భయపడుతోంది. భయపడుతూనే కూర్చుంది. ఇద్దరూ నన్ను చూశారు. నేను చెయ్యి ఎత్తబోయి దించుకున్నాను. కారు ఆగలేదు. దాని వెనక ఒక ఆటోవాడు విసుక్కుంటూ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఇంకో రోజైతే వాణ్ణి ఆపి, కిందికి దింపి తిట్టేవాణ్ణి.